పసుపు బిళ్ళ

డెబ్భైల మధ్యలో నేను విజయవాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఆదివారం పొద్దున్నే సైకిలు వెనక ఒక పొడుగాటి అట్టపెట్టె కట్టుకుని బందరు రోడ్డున ఊరు దాటి, కాలువ వంతెన అవతల చేలల్లోకి వెళ్ళేవాణ్ణి. పెట్టెలో గ్లైడరు ఉండేది. గ్లైడరంటే ఇంజను లేని విమానం. మాది మోడలు, రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకి ఆరడుగులు. కింద నిలబడి చేతిలోని వైర్‌లెస్ పెట్టెతో దాన్ని కుడికీ ఎడమకీ, పైకీ కిందికీ నడపాలి.

మా క్లబ్బు అంటే ముగ్గురం. మొదలుపెట్టింది రైల్వేలో సిగ్నల్ ఇనస్పెక్టరుగారు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. రెండో ఆయన గవర్నర్‌పేటలో రేడియోలు బాగుచేసే షాపు యజమాని. మూడోవాణ్ణి నేను, అందరిలోకీ చిన్నవాణ్ణి. ఇనస్పెక్టరుగారి బావమరిది ఓడల్లో పనిచేసేవాడు, అతను సింగపూర్‌లో కొని తెచ్చిన వైర్‌లెస్ సెట్టే మా ఊళ్ళో మొదటిది. దాని లైసెన్సు కోసం ఇనస్పెక్టరుగారు పెట్టిన దరఖాస్తులు ఒక ఫైలు నిండా ఉండేవి. లైసెన్సు చేతికి వచ్చేదాకా ఆయన ఆ సెట్టు స్విచ్చి వెయ్యలేదు. సంవత్సరం పైనే అలా బీరువాలో ఉంచారట.

రెక్కలకి వాడే తేలిక చెక్క మద్రాసు నుంచి రావాలి. రాసిన నెలలకి గానీ వచ్చేది కాదు. అందుకని కొండపల్లి వెళ్ళి బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర పొణికి చెక్క తెచ్చుకునేవాళ్ళం. కొంచెం బరువే గానీ బ్లేడుకి బాగా లొంగేది. ఆ చెక్క ఇచ్చిన ముసలాయన మా గ్లైడరు అస్థిపంజరం ఒకసారి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇంతా చేసి దీనికి కళ్ళు పెట్టరా?" అని అడిగాడు.

మినుము పీకేసిన దగ్గర్నుంచి కాలువలకి నీళ్ళు వదిలేదాకా చేలు ఖాళీగా ఉండేవి. ఆ నాలుగు నెలలే మాకు ఎగరేసే కాలం. ఒక మేకు నేలలో దిగ్గొట్టి, దానికి పొడుగాటి రబ్బరు తాడు, ఆ తాడు చివర నైలాన్ దారం కట్టేవాళ్ళం. రబ్బరు సాగేదాకా లాగి గ్లైడరు పొట్ట కింద కొక్కేనికి తగిలించి వదిలితే గాలిపటంలా లేచేది. పైన దారం దానంతటదే ఊడిపోయేది. ఎండకి నేల కాగి లేచే వేడిగాలి దొరికిందా, ఇక అరగంటైనా కిందికి దిగేది కాదు. ఆ గాలి ఎక్కడుందో గద్దల్ని చూసి తెలుసుకునేవాళ్ళం.

ఇనస్పెక్టరుగారికి నియమాలంటే పట్టుదల. ప్రతి ఆదివారం రబ్బరు తాడుని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళ మధ్య జార్చి, పగులు ఎక్కడైనా కనిపిస్తే అక్కడికి కత్తిరించేసేవారు. సాగదీసిన తాడుకి ఎదురుగా ఎవర్నీ నిలబడనిచ్చేవారు కాదు. ముందు చేతిలోని పెట్టె స్విచ్చి వెయ్యాలి, తర్వాతే గ్లైడరుది. ఆపేటప్పుడు ముందు గ్లైడరుది, తర్వాత పెట్టెది. ఏరియల్ లోపలికి నొక్కి అరవై అడుగులు నడిచి, అంత దూరం నుంచి తోక కదులుతోందో లేదో చూస్తే గానీ ఎగరెయ్యనిచ్చేవారు కాదు. ఇవేవీ ఎక్కడా రాసి లేవు. ముగ్గురమే కదా, నోటి మాటగా నడిచేది.

రెండో ఏడు నాకూ ఒక సెట్టు దొరికింది. మా కాలేజీలోనే లెక్కలు చెప్పే ఆయన తమ్ముడు విదేశం నుంచి తెచ్చి, లైసెన్సు గొడవ పడలేక నాకిచ్చేశాడు. దరఖాస్తుల సంగతి ఇనస్పెక్టరుగారే చూసి పెట్టారు. ప్రతి సెట్టులోనూ ఒక చిన్న స్ఫటికం ముక్క ఉంటుంది, ఆ సెట్టు ఏ తరంగం మీద పనిచెయ్యాలో అదే నిర్ణయిస్తుంది. తరంగానికో రంగు పేరు. ఇనస్పెక్టరుగారిది పసుపు. విప్పి చూస్తే నాదీ పసుపే. రెండు పెట్టెలూ ఒకేసారి పనిచేస్తే పైనున్న గ్లైడరుకి ఎవరి మాట వినాలో తెలియదు. వేరే రంగు ముక్క కోసం మద్రాసుకి రాశాం, రాలేదు.

"మరేం ఫర్వాలేదు మాస్టారూ," అన్నారు ఇనస్పెక్టరుగారు. "నాది పైనున్నంతసేపు మీరు మీ పెట్టె ముట్టుకోకండి. మీది పైనుంటే నేను ముట్టుకోను. ఇద్దరమే కదా."

ఆ మార్చిలో ఒక ఆదివారం. తొమ్మిదిన్నర అయుంటుంది. ఇనస్పెక్టరుగారి గ్లైడరు బాగా పైకి వెళ్ళింది. ఆయన, షాపు యజమాని చేను మధ్యలో తలలెత్తి నిలబడి ఉన్నారు. నేను వాళ్ళకి వందడుగుల దూరంలో, తుమ్మచెట్టు నీడలో కూర్చుని నా గ్లైడరు తోక సరిచేసుకుంటున్నాను. లోపలి తీగ ఒకటి బిగిసిపోయి తోక సరిగా కదిలేది కాదు. విప్పాను, నూనె వేశాను, మళ్ళీ బిగించాను. ఇప్పుడు కదులుతుందో లేదో చూడాలి. ఆయనది దిగేదాకా ఆగాలి. అది దిగేలా లేదు.

నేను మరిచిపోయి చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. గుర్తుంది. ఒక్క క్షణమే కదా అనుకున్నాను. ఏరియల్ పైకి లాగాను. స్విచ్చి వేశాను. తోక కదిలింది. సంతోషం వేసి ఇంకోసారి కదిపాను. మూడు, నాలుగు సెకన్లు.

"ఏయ్, ఏయ్, ఏమైంది దీనికి!" అన్న కేక వినపడి తలెత్తాను. ఇనస్పెక్టరుగారి గ్లైడరు ముక్కు కిందికి పెట్టి దూసుకొస్తోంది. చటుక్కున స్విచ్చి ఆపేశాను. అది కొంచెం నిలదొక్కుకుంది గానీ అప్పటికే బాగా కిందికొచ్చేసింది. చేనుకి అటు చివర గట్టు మీద ఒకామె తల మీద చేపల గంప పెట్టుకుని నడిచి వస్తోంది. రెక్క ఆమె ఎడమ భుజానికి కొట్టుకుంది. గంప పడిపోయింది. ఆమె గట్టు మీదే కూలబడింది.

ముగ్గురం పరుగెత్తాం. పరుగెత్తే ముందు నేను నా పెట్టె ఏరియల్ లోపలికి నొక్కాను. అది పైకి ఉంటే స్విచ్చి వేశానని తెలిసిపోతుందని, అంత కంగారులోనూ ఆ పని చేశాను. ఎవరూ చూడలేదు.

ఆమెకి నలభై ఏళ్ళుంటాయి. బందరు వైపు నుంచి పొద్దున బస్సులో వచ్చి, వంతెన దగ్గర దిగి, చేలకి అడ్డంపడి రెండు మూడు ఊళ్ళు తిరిగి చేపలమ్మేది. మేము తరచూ చూసే మనిషే. ఏడవలేదు, తిట్టలేదు. కుడిచేత్తో భుజం పట్టుకుని ఆకాశంకేసి చూస్తోంది.

"గద్ద చేపల మీదకి దిగిందనుకున్నానయ్యా," అంది. "ఇదేంది, చెక్కా?"

ఇనస్పెక్టరుగారు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయన ఇస్త్రీ ప్యాంటు దుమ్మైపోయింది. "తప్పైపోయిందమ్మా. నాదే అమ్మా అది. చెయ్యి పైకెత్తగలవా?"

ఎత్తలేకపోయింది. షాపు యజమాని స్కూటరు మీద వెనక ఇనస్పెక్టరుగారు పట్టుకుని కూర్చుంటే, ఆమెని మధ్యలో కూర్చోబెట్టి గవర్నర్‌పేటలో తెలిసిన డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాలనుకున్నాం. ఆమె కదలనంది.

"చేపలు? ఎండెక్కితే చెడిపోవా? ఆ ఇళ్ళవాళ్ళు నా కోసం చూస్తంటారు."

"నేను ఇచ్చొస్తాను, మీరు వెళ్ళండి," అన్నాను. మా ఇంట్లో చేప అనే మాట కూడా అనేవాళ్ళు కాదు. చేపలు ఇచ్చొస్తానని నేను అన్నందుకు షాపు యజమాని వింతగా చూశాడు. ఆమె ఏ ఊళ్ళో ఏ ఇంటికి ఏ చేప ఇవ్వాలో చెప్పింది. పెంకుటింటి పక్కన డాబా, పోస్టాఫీసు అరుగు ఎదురిల్లు, ఇలాగ. నేను చేపల్ని ఒక్కొక్కటే దుమ్ములోంచి ఏరి, గట్టు పక్క బోదెకాలువలో మిగిలిన నీళ్ళతో కడిగి, గంపలో పేర్చి సైకిలుకి కట్టుకున్నాను. మధ్యాహ్నం రెండింటి దాకా తిరిగాను. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వారు. ఒకావిడ మొప్పలు ఎత్తి చూపించమంది. చూపించాను. చేతుల వాసన రెండు రోజులు పోలేదు. అలా చేస్తే నాలో బరువు కొంచెం దిగుతుందనుకున్నాను. దిగలేదు.

ఆమెకి భుజం ముందరి ఎముక చిట్లింది. చెయ్యి మెడకి కట్టి నెలరోజులు కదపవద్దన్నారు.

ఆ రోజు సాయంత్రమే చెప్పేసి ఉండాల్సింది. చెప్పాలనే షాపుకి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఇనస్పెక్టరుగారు తన సెట్టు మొత్తం విప్పి బల్ల మీద పరిచి ఉన్నారు. "లోపం దీంట్లోనే ఉంది మాస్టారూ. ఎక్కడుందో పట్టుకోవాలి," అన్నారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన టంకం వేస్తుంటే దీపం పట్టుకున్నాను. చెప్పలేదు. మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది. మొదట తప్పొకటే ఉంది, తర్వాత చెప్పకపోవడం కూడా దానికి తోడైంది.

ఆ వారమే ఇంటర్ రెండో ఏడు వాళ్ళకి అనునాదం పాఠం చెప్పాల్సి వచ్చింది. రెండు శృతిదండాలు బల్ల మీద పెట్టాను. ఒకటి మోగిస్తే, అదే పౌనఃపున్యమున్న రెండోది ఎవరూ ముట్టుకోకుండానే మోగుతుంది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. మిగతా పాఠం రేపు చెప్తానని గంట కొట్టకముందే వచ్చేశాను.

మూడు వారాలు గడిచాయి. ఇనస్పెక్టరుగారు డ్యూటీ అవగానే షాపుకి వచ్చేవారు. ప్రతి అతుకూ ఊడదీసి మళ్ళీ అతికారు. బ్యాటరీలు మార్చారు. సెట్టుని ఎండలో పెట్టి చూశారు, స్కూటరు మీద గతుకుల్లో తిప్పి చూశారు. అది ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. తప్పు దొరికితే బాగుండేది, దొరక్కపోవడమే ఆయన్ని తినేస్తోంది. మనిషి చిక్కిపోయారు. ప్రతి ఆదివారం వంతెన అవతల చేపలామె ఉండే చుట్టాలింటికి వెళ్ళేవారు. ఆమె చెయ్యి బాగయ్యేదాకా అక్కడే ఆగింది. నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. ఆమె మాకు మంచం వాల్చేది.

మూడో ఆదివారం అయ్యాక, సోమవారం సాయంత్రం షాపులో ఆయన సెట్టుని దూదిలో చుట్టి పెట్టెలో సర్దుతున్నారు.

"ఏం చేస్తున్నారండీ?" అని అడిగాడు షాపు యజమాని.

"వదిలేస్తున్నానండీ. నా చేతిలో ఉన్నది నా మాట వినలేదు. ఎందుకు వినలేదో తెలియదు. తెలియని లోపంతో మళ్ళీ ఎలా ఎగరేస్తాను? ఈసారి భుజం కాదు, తల." ఆయన గొంతులో కోపం లేదు. "మాస్టారూ, మీరు ఎగరెయ్యండి. మీది బానే ఉంది కదా."

"మీదీ బానే ఉందండీ," అన్నాను. "లోపం మీ సెట్టులో లేదు. ఆ రోజు నేను చెట్టు కింద నా పెట్టె స్విచ్చి వేశాను."

షాపు యజమాని చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. ఇనస్పెక్టరుగారు చుట్టిన దూది విప్పి సెట్టుని మళ్ళీ బల్ల మీద పెట్టారు.

"ఎన్ని సెకన్లు?" అని అడిగారు.

"మూడు. నాలుగుండొచ్చు."

"నాది పైనుందని తెలుసా?"

"తెలుసండీ."

"ఊఁ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను కొట్టినా బాగుండేది. లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద నిలబడ్డారు. పావుగంట తర్వాత లోపలికొచ్చి మళ్ళీ అదే స్టూలు మీద కూర్చున్నారు.

"గుడివాడ వైపు సింగిల్ లైను," అని మొదలుపెట్టారు. "రెండు స్టేషన్ల మధ్య ఒకే పట్టా. అటునుంచో రైలు, ఇటునుంచో రైలు ఒకేసారి వస్తే ఏమవుతుంది? అందుకని స్టేషన్లో మిషన్లోంచి ఇనప గుండు ఒకటి తీసి ఇస్తారు. అది డ్రైవరు చేతిలో ఉంటేనే రైలు కదలాలి. ఒకటి బయటికొస్తే అవతలి స్టేషన్ మిషన్లోంచి కూడా ఇంకోటి రాదు. స్టేషన్ మాస్టర్లు మంచివాళ్ళు కాదనా? మంచివాళ్ళకీ ఒక్కోసారి ఏమవుతుందిలే అనిపిస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ మిషన్లు చూసే నేను, ఇక్కడ మాత్రం ఇద్దరమే కదా అని నోటి మాట మీద వదిలేశాను. నా తప్పు అక్కడుంది."

"మీ తప్పేం లేదండీ."

"మీది లేదని నేననలేదు," అన్నారు వెంటనే, కొంచెం కటువుగా. "మూడు వారాలు నన్ను చూస్తూ కూర్చున్నారు. అది మర్చిపోవడానికి నాకు టైం పడుతుంది. ముందు ఆమెకి చెప్పండి. నేను రాను. మీరొక్కరే వెళ్ళండి."

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని కుడిచేత్తో ఎండుచేపలు వేరుచేస్తోంది. నిలబడే చెప్పాను. వైర్‌లెస్ సంగతి ఆమెకి ఎలా చెప్పాలో ఆలోచించుకుని వెళ్ళాను గానీ, అవసరం పడలేదు.

"అంటే ఆయన తోలుతుంటే మజ్జలో నువ్వు పగ్గం లాగావన్నమాట," అంది.

"అవునమ్మా."

"మరి ఆయన ప్రతి ఆదివారం వచ్చి తప్పైంది తప్పైందని చేతులు పట్టుకుంటంటే, పక్కనే మంచం మీద కూర్చుని చూశావే! నా చెయ్యంటే అతుక్కుంటది. ఆ పెద్దాయన్ని అట్టా ఏడిపించటానికి నీకు మనసెట్టా ఒప్పిందయ్యా?"

ఆమె కాసేపు చేపలు వేరుచేసి, తలెత్తకుండానే అంది. "ఆ దినం నా చేపలు ఇళ్ళకి మోశావు. మొప్పలు కూడా ఎత్తి చూపించావంటగా. అందుకని ఇంతటితో ఊరుకుంటన్నా." చేతిలోని చేపని పక్కన పడేసి, "ఇంకోటి. అది పైనుంచి వచ్చేది నాకెట్టా తెలిసిద్ది? రెక్కలాడించదు, చప్పుడు చెయ్యదు. దిగేటప్పుడు అరవొచ్చుగా మీరు? నోరుందిగా ముగ్గురికీ?"

ఆ మాట మేమెవరం ఆలోచించలేదు. అన్ని తీగలూ అతుకులూ చూసుకున్నాం గానీ, కింద నడిచేవాళ్ళకి ఒక కేక వెయ్యాలని ఎవరికీ తట్టలేదు.

ఆమె మాట ఇనస్పెక్టరుగారికి చెప్పాను. ఆయన జేబులోంచి కాగితం తీసి అప్పటికే రాసుకున్న నియమాల కింద అది కూడా రాశారు. వారం లోపల షాపు యజమాని అట్ట మీద పెద్ద అక్షరాలతో నియమాలన్నీ దించాడు. మొత్తం పదకొండు. పొణికి చెక్క చెక్కి రూపాయి కంటే కొంచెం పెద్ద బిళ్ళ ఒకటి చేసి, పసుపు రంగు వేసి, దారం కట్టింది నేను. పసుపు తరంగం మీద పనిచేసే పెట్టెలు ఎన్నున్నా సరే, బిళ్ళ మాత్రం ఒకటే. అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళే స్విచ్చి వెయ్యాలి. పెట్టెలన్నీ ఒకే చోట, చాప మీద, అందరి కళ్ళెదుటా ఉండాలి. చెట్టు కింద ఒంటరిగా ఎవరి దగ్గరా ఉండకూడదు. గట్టు మీద మనిషి కనిపిస్తే గ్లైడరు చేనుకి ఇవతలే తిరగాలి. గట్టు నడిచేవాళ్ళది, మాది కాదు. దిగే ముందు ముగ్గురిలో ఒకరు కేక వెయ్యాలి.

మే నెలలో గానీ ఇనస్పెక్టరుగారు మళ్ళీ చేనుకి రాలేదు. వచ్చిన రోజు అట్ట మీది పదకొండూ ఒకటొకటిగా పైకి చదివారు. బిళ్ళ నా చేతిలోంచి తీసుకుని మెడలో వేసుకున్నారు. గ్లైడరు లేచాక మొదటి ఐదు నిమిషాలు ఆయన దాన్ని తన నెత్తి మీదే చిన్న చుట్లు తిప్పారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. పెట్టె దగ్గర లేనని ఆయనకి కనపడాలని.

అప్పటికి ఆమె మళ్ళీ గంపతో రావడం మొదలుపెట్టింది. గంప చిన్నది, కుడివైపు నడుముకి ఆనించుకుని నడిచేది. ఆ పూట ఆమె గట్టు ఎక్కగానే షాపు యజమాని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, "దిగుతోందమ్మోయ్!" అని అరిచాడు. నిజానికి అది ఇంకా చాలా పైనుంది. ఆమె ఆగి, చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని వెతికి చూసింది.

"ఇంత ముందుగానా!" అని అటునుంచి అరిచింది. "దింపండి, నుంచుంటా."

నిలబడింది కూడా. గ్లైడరు నేలని తాకి, వరి కొయ్యకాళ్ళ మధ్య జారి ఆగేదాకా నిలబడి, ఆ తర్వాత వెళ్ళింది.

ఇనస్పెక్టరుగారితో నా మాటలు మునుపటిలా కావడానికి ఆ ఎండాకాలం అంతా పట్టింది. ఏ రోజు మామూలైందో చెప్పలేను. ఒక ఆదివారం ఆయన తన ఫ్లాస్కులో కాఫీ నాకు ముందు పోశారు, అంతే.

తర్వాతి ఏళ్ళలో క్లబ్బులో ఇంకో నలుగురు చేరారు. వాళ్ళలో ఒక ఇంజనీరు, చిన్న ఆటకి ఈ బిళ్ళలూ అట్టలూ ఏమిటండీ అని నవ్వాడు. నియమాలు చదివి వినిపించడం ఇనస్పెక్టరుగారి పని. అవి ఎందుకొచ్చాయో చెప్పడం మాత్రం నాకే వదిలేశారు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ, మొదటిసారి మెడలో బిళ్ళ వేసే ముందు, ఏరియల్ లోపలికి నొక్కిన సంగతితో సహా చెప్పేవాణ్ణి. అది విన్నాక ఇంజనీరు నవ్వలేదు.

నేను వేరే ఊరు బదిలీ అయ్యేదాకా ఆ చేలల్లో ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. రెండు గ్లైడర్లు మాత్రం కాలువలో పడిపోయాయి. ఒకటి దొరకలేదు.